గుంజీల నుంచి ఆటస్థలం దాకా: అనంతపురం కరవు సీమలో బడిపిల్లల వ్యాయామవిద్య

వ్యాససంగ్రహం:
అనంతపురం ప్రాంతపు బడుల్లో పిల్లల దేహానికి దొరికిన స్థానం రెండు శతాబ్దాల్లో ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1823 నాటి బళ్ళారి కలెక్టరు నివేదికతో మొదలై, ధాత కరువు, డ్రిల్లు ప్రవేశం, స్వాతంత్ర్యానంతర ప్రణాళికలు, తాగునీరు, మధ్యాహ్న భోజనం, ఆర్డీటీ క్రీడాకృషి మీదుగా 2009 విద్యాహక్కు చట్టం వరకు సాగుతుంది. కరవు నేలమీద వ్యాయామవిద్య గతిని బోధనపద్ధతుల కంటె అన్నం, నీరు, తీరిక ఎక్కువగా నిర్ణయించాయన్నది దీని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: వ్యాయామవిద్య, అనంతపురం, వీథిబడి, గుంజీలు, డ్రిల్లు, కరవు, ఫ్లోరైడ్, ఆర్డీటీ, విద్యాహక్కు చట్టం.

1. కలెక్టరు నివేదికలో గుంజీలు

1823 ఆగస్టు 17న బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడుల స్థితిగతుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో రాజధాని పరిధిలోని జిల్లాలన్నిటి నుంచి ఇటువంటి వివరాలు కోరాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1882లో. కాబట్టి ఈ సీమ పిల్లల చదువు గురించి పాలకులు రాసుకొన్న తొలి విస్తృత పత్రాలలో క్యాంబెల్ నివేదిక ఒకటి. ఆయన తెలుగు సాహిత్య విద్యార్థులకు అపరిచితుడు కాడు. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం వెలువరించిన క్యాంబెల్ ఈయనే. భాషను గమనించిన కంటితోనే బడినీ గమనించాడు.

ఆయన లెక్క ప్రకారం 9,27,857 మంది జనాభా ఉన్న జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. బడికి సగటున పన్నెండు మంది, జనాభాలో వెయ్యికి దాదాపు ఏడుగురు. మొత్తం విద్యార్థుల్లో ఆడపిల్లలు 60 మంది. ఈ సంఖ్యలను చరిత్రకారులు తరచుగా ఉదాహరిస్తారు. ధర్మపాల్ 1983లో స్వదేశీ విద్యావ్యవస్థ మీద ప్రచురించిన గ్రంథంలో ఈ నివేదికను పూర్తిగా చేర్చిన తరువాత దాని ప్రచారం మరింత పెరిగింది. ఆ చర్చలన్నీ అక్షరాస్యత చుట్టూనే తిరిగాయి. అదే నివేదికలో పిల్లల దేహాన్ని గురించి ఉన్న రెండు ప్రస్తావనలు అంతగా చర్చకు రాలేదు.

మొదటిది శిక్షల వర్ణన. ఉదయం ఆరు గంటలకే బడి మొదలయ్యేది. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడవవాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆపైన వచ్చేవారికి వరుసగా పెరిగేవి. సోమరులకు, తప్పుచేసిన వారికి ఇంకా కఠినమైన శిక్షలు ఉండేవి. కొరడా దెబ్బలు, చేతులతో ఇంటికప్పుకు వేలాడదీయడం, ఎడతెరిపి లేకుండా మోకాళ్ళు వంచి లేవమనడం వాటిలో కొన్ని. వేలాడదీయడం తెలుగు వీథిబడి జ్ఞాపకాల్లో ‘కోదండం’గా ప్రసిద్ధం. వంగి లేవడం గుంజీలకు అతి దగ్గరి శిక్ష. ఈ చివరి శిక్ష బాధాకరం, ఆయాసకరం అయినా బహుశా ఆరోగ్యకరం కావచ్చునని క్యాంబెల్ ఒక వ్యాఖ్య జోడించాడు.

ఈ వ్యాఖ్య చిన్నదే అయినా విలువైనది. ఆ నివేదిక వర్ణించిన బడిలో వ్యాయామానికి వేళ గాని, స్థలం గాని, గురువు గాని లేవు. అటువంటి చోట దేహచలనం కనిపించిన ఒకే ఒక సందర్భం శిక్ష. ఆ శిక్షలోనే ఆరోగ్యాన్ని చూడబోయిన కలెక్టరు, తెలియకుండానే, తరువాతి వంద సంవత్సరాల డ్రిల్లు తత్త్వాన్ని ముందే చెప్పాడనవచ్చు. వినాయకుడి ముందు భక్తితో తీసే గుంజీలు మర్యాద కాగా, బడిలో తీసేవి అవమానం కావడం తెలుగువారికి కొత్త విషయం కాదు. చేసే పని ఒకటే. ఎవరు చేయమన్నారు, ఎందుకు చేయమన్నారు అన్న దానిలోనే తేడా.

రెండవ ప్రస్తావన మరింత బరువైనది. బడులు క్షీణించడానికి కారణం పేదరికమని క్యాంబెల్ నిర్మొహమాటంగా రాశాడు. విదేశీ వస్త్రాల రాకతో నేతపనులు దెబ్బతిన్నాయని, మధ్యతరగతివారు, కిందితరగతివారు పిల్లల చదువుకు ఖర్చు పెట్టలేకపోతున్నారని, పిల్లల లేత దేహాలు ఏ కాస్త పనికి అక్కరకు వచ్చినా తల్లిదండ్రులకు ఆ సాయం తప్పనిసరి అవుతున్నదని ఆయన చెప్పాడు. అంటే బడి లోపల పిల్లవాడి దేహం శిక్షకు లోబడి ఉంది. బడి బయట కూలికి లోబడి ఉంది. అనంతపురం వ్యాయామవిద్య చరిత్ర ఈ రెంటి నడుమ మొదలయింది.

2. సాము, తాలీం, ఆట

బడిలో వ్యాయామం లేదంటే ఊళ్ళో లేదని అర్థం కాదు. రాయలసీమ పల్లెల్లో సాము, గరిడి, కుస్తీ, గుండెత్తడం, కోలాటం, చెక్కభజన దేహాన్ని తీర్చిదిద్దిన వ్యవస్థలే. గూగూడు వంటి చోట్ల పీర్లపండుగ నాటి అడుగులు, జాతరల్లో బండలాగుడు ఆడే ఎద్దుల వెంట పరుగులు కూడా ఆ కోవలోనివే.

ఈ రంగపు పదజాలాన్ని పరిశీలిస్తే ఒక విశేషం తెలుస్తుంది. ‘సాము’ను ‘శ్రమ’ శబ్దానికి వికృతిగా చెప్తారు. కుస్తీ నేర్పే చోటుకు ‘తాలింఖానా’ అని పేరు. అందులోని ‘తాలీం’ అన్న అరబ్బీ మాటకు అర్థం విద్య, బోధన. ఉర్దూలో నేటికీ తాలీం అంటే చదువే. ‘కసరత్తు’ కూడా ఆ దారిలో వచ్చినదే. అంటే వీథిబడిలో దేహం శిక్షాస్థానం అయిన కాలంలోనే, అదే ఊళ్ళోని తాలింఖానాలో దేహానికి నేర్పే పనిని జనభాష చదువుగానే గుర్తించింది. అక్కడ గురువు ఉన్నాడు, క్రమం ఉంది, పిల్లవాడు చిన్న పట్టు నుంచి పెద్ద పట్టుకు ఎదిగే సోపానం ఉంది. వ్యాయామవిద్య పాశ్చాత్యులు తెచ్చిన భావన అన్న సాధారణాభిప్రాయాన్ని ఈ పదజాలమే ప్రశ్నిస్తుంది.

అయితే ఆ సంప్రదాయాన్ని అతిగా కీర్తించనక్కరలేదు. తాలింఖానా మగవారిది. ఆ మగవారిలోనూ రెండుపూటలా తిండికి లోటులేనివారిది. పాలు, బాదం, గుడ్డు లేనిదే కుస్తీ సాగదు. పిల్లలందరికీ అందినవి చెడుగుడు, బిళ్ళంగోడు, గోలీలు, బొంగరాలు. ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు, ఒప్పులకుప్ప. అవి కూడా పశువుల వెంట వెళ్ళినప్పుడో, తమ్ముణ్ణి చంకనేసుకొని వీథిలో నిలబడినప్పుడో దక్కిన ఆటలే.

3. ధాత కరువు: దేహానికి ఎంత గింజ?

1876 నుంచి 1878 వరకు దక్షిణాపథాన్ని పీడించిన మహాక్షామాన్ని రాయలసీమ ‘ధాత కరువు’గా గుర్తుంచుకొంది. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున ఆ పేరు వచ్చింది. అత్యధికంగా నష్టపోయిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. అనంతపురం అప్పటికి అందులోనే ఉంది. వ్యాయామవిద్య చరిత్రలో కరవు ప్రస్తావన అప్రస్తుతం అనిపించవచ్చు. నిజానికి ఈ సీమలో దేహాన్ని గురించిన తొలి బహిరంగ శాస్త్రచర్చ కరవు పనుల దగ్గరే జరిగింది.

1877 జనవరిలో ఇండియా ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనుల్లో ఒక వయోజనుడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలకు సరిపడే కూలీ, దానిపై కొద్దిపాటి నగదు చాలునని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. రాళ్ళు కొట్టే దేహానికి, ఊరికే కూర్చున్న దేహానికి ఒకే కొలత కుదరదని, ఆ తిండితో పనిచేయించడం మనిషిని కరిగించడమేనని ఆయన వాదం. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కొలత పెంచవలసి వచ్చింది. అప్పటికే ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ఈ వివాదం ముగిసి ఐదేళ్ళు గడవకముందే, 1882లో నియమితమైన హంటర్ విద్యాకమిషన్ బడుల్లో పిల్లల దేహవికాసం కోసం దేశీయ క్రీడలను, జిమ్నాస్టిక్సును, డ్రిల్లును ప్రోత్సహించాలని సూచించింది. ప్రతి తరగతి బడి పరిస్థితికి తగిన వ్యాయామం ఉండాలని కూడా అంది. సూచన మంచిదే. అనంతపురం జిల్లాగా ఏర్పడిన సంవత్సరం కూడా అదే. కాని కార్నిష్ అడిగిన ప్రశ్న విద్యాశాఖ దాకా చేరలేదు. కదిలే దేహానికి ఎంత గింజ కావాలి అన్న లెక్క వైద్యుల కాగితాల్లో ఉండిపోయింది. పిల్లలు ఎన్ని అడుగులు వేయాలన్న లెక్క బడి కాగితాల్లో చేరింది. ఆ రెండు కాగితాలు ఒకచోటికి రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

4. డ్రిల్లు సారు

హంటర్ సూచించిన మూడింటిలో దేశీయ క్రీడలు వెనకబడి, డ్రిల్లు ముందుకు రావడం ఆశ్చర్యం కాదు. డ్రిల్లుకు పరికరాలు అక్కరలేదు. ఒక ఈల, ఒక గొంతు చాలు. ఎంతమందినైనా ఒక వరుసలో నిలబెట్టవచ్చు. అన్నిటికీ మించి, తనిఖీకి వచ్చిన అధికారికి కంటికి కనిపిస్తుంది. ఆట మొదలైతే పిల్లలు చెదిరిపోతారు. డ్రిల్లు మొదలైతే ఒకచోట చేరతారు. పాలకులకు రెండవదే నచ్చింది.

ఆజ్ఞల భాష గమనించదగ్గది. ‘అటెన్షన్’, ‘స్టాండ్ అటీజ్’, ‘రైట్ టర్న్’ అన్న ఇంగ్లీషు ఆజ్ఞలతో వచ్చిన డ్రిల్లుకు స్వాతంత్ర్యం తరువాత ‘సావధాన్’, ‘విశ్రామ్’ అన్న హిందీ ఆజ్ఞలు తోడయ్యాయి. తెలుగు పిల్లవాడు తన కాళ్ళకు తన భాషలో ఆజ్ఞ విన్నది ఆటలోనే కాని బడివరుసలో కాదు. చెడుగుడు సైతం మహారాష్ట్రలో స్థిరపడిన నియమాలను తొడుక్కొని ‘కబడ్డీ’గా పేరు మార్చుకొన్న తరువాతనే బడి మైదానంలోకి గౌరవంగా ప్రవేశించింది.

డ్రిల్లును దాటి వ్యాయామవిద్యను ఒక శాస్త్రంగా, వృత్తిగా నిలిపిన పని మద్రాసులో జరిగింది. అమెరికా నుంచి వచ్చిన హ్యారీ క్రో బక్ 1920లో వై.ఎం.సి.ఏ. ఆధ్వర్యంలో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ సంస్థను స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టుతో ఆయనకు సంబంధం ఉంది. అయినా ఆయన అసలు ఆసక్తి పతకాల మీద కాదు, బడి మీద. పిల్లల వయసుకు తగిన ఆట, జట్టుగా ఆడే గుణం, ఆటస్థలం నిర్వహణ, దేహధర్మ పరిజ్ఞానం ఇవన్నీ ఉపాధ్యాయుడి శిక్షణలో భాగం కావాలన్నది ఆయన దృష్టి. మద్రాసు రాజధానిలో భాగమైన తెలుగు జిల్లాలకు శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయులు రావడానికి ఈ మార్గం తోడ్పడింది. బక్ రాకకు ముందే ఉత్తరాంధ్ర మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది విజయనగరంలో బడి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. ఆయన సర్కసు కీర్తి ముందు ఆ ఉపాధ్యాయ జీవితం మరుగున పడిపోవడం తెలుగువారు ఈ వృత్తిని ఎలా చూశారో చెప్పే ఒక సాక్ష్యం.

పల్లె బడిలో మాత్రం ఆయన ‘డ్రిల్లు సారు’గానే మిగిలాడు. ప్రార్థనవేళ వరుసలు దిద్దేది ఆయనే. ఆలస్యంగా వచ్చినవారిని గేటు దగ్గర నిలబెట్టేది ఆయనే. ఆగస్టు 15న కవాతు నడిపించేది, పరీక్షలప్పుడు కాపలా కాసేది, రాని ఉపాధ్యాయుడి తరగతిని అదుపులో ఉంచేది కూడా ఆయనే. ఇతర ఉపాధ్యాయులు కొట్టవలసినవారిని సైతం ఆయన దగ్గరికే పంపడం ఎందరో తెలుగువారి బడిజ్ఞాపకం. క్యాంబెల్ చూసిన బడిలో గుంజీలు తీయించిన పంతులు పాత్ర, ఈల మెడలో వేసుకొన్న ఈయనకు సంక్రమించింది. ఆటలు నేర్పడానికి నియమితుడైన వ్యక్తికి భయపెట్టే పని అప్పగించిన వ్యవస్థ, ఆయన విషయాన్ని తక్కువ చేసి చూడడంలో వింత లేదు.

5. ప్రణాళికలు

స్వాతంత్ర్యం వచ్చాక కాగితం మీద కొరత లేదు. 1950లో వ్యాయామవిద్యకు కేంద్ర సలహా మండలి ఏర్పడింది. 1954లో జగన్నాథరావు భోంస్లే ప్రారంభించిన జాతీయ క్రమశిక్షణ పథకం, 1956 నాటి జాతీయ వ్యాయామవిద్యా ప్రణాళిక, 1964-66 కొఠారీ కమిషన్ సిఫారసులు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 1953లో ఆంధ్రరాష్ట్రంలో చేరిన అనంతపురం జిల్లా బడులకు వీటి నుంచి చేరింది ముఖ్యంగా కాలపట్టికలో ఒక గడి. వారానికి కొన్ని పిరీడ్లు ‘ఆటలు’ అని రాసి ఉంటాయి. లెక్కల పాఠం మిగిలిపోతే ఆ గడి లెక్కలది అవుతుంది. మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలైతే మొదట కనుమరుగయ్యేదీ ఆ గడే. ఎండను తప్పించడానికి అది అవసరమే కావచ్చు. కాని వేసవి దీర్ఘంగా ఉండే సీమలో అంటే ఏటా ఎన్ని వారాలు పోతాయో ఊహించవచ్చు.

6. నీరు, ఎముక, అన్నం

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. తూర్పుతీరపు తుఫాను వానలకూ దూరమే. ఏటా సగటున సుమారు 550 మి.మీ. వాన, అదీ సమయానికి రాదు. ఎర్రనేల, పలుచని మట్టిపొర, గరుసు. ఉమ్మడి జిల్లా వైశాల్యం 19,130 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పెద్దది. 2011 నాటి జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 213 మాత్రమే. వేరుశనగ మీద ఆధారపడిన ఈ నేలలో పంటపోతే కుటుంబాలు బెంగుళూరు వైపు కూలికి కదులుతాయి. పిల్లలు అవ్వతాతల దగ్గర మిగులుతారు, లేదా వెంట పోతారు. చెనిక్కాయలు వలిచే కాలంలో బడి హాజరు పలచబడడం ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకు తెలిసిన సంగతే.

వ్యాయామవిద్యకు ఇక్కడ ఎదురైన లోతైన అడ్డంకి నేలకింద ఉంది. వానలు లేక బోర్లు లోతుకు పోయినకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ పెరిగింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ళతరబడి తాగితే మొదట పళ్ళమీద గారమచ్చలు కనిపిస్తాయి. మోతాదు ఇంకా ఎక్కువైన చోట తరువాత ఎముకలు, కీళ్ళు, నడుము బిగుసుకుపోతాయి. ఎదిగే వయసు పిల్లల మీద దీని ప్రభావం తీవ్రం. మోకాలు వంగని పిల్లవాడికి ‘వంగి కాలివేళ్ళు తాకు’ అన్న ఆజ్ఞ ఏమవుతుంది? డ్రిల్లు పుస్తకంలో దీనికి జవాబు లేదు. వంగలేకపోవడం అక్కడ సోమరితనంగా లెక్కకు వస్తుంది. సోమరితనానికి శిక్ష, వంగి లేవడమే.

కనుక 1995-96లో శ్రీసత్యసాయి సంస్థ చేపట్టిన తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీరు అందించడాన్ని వ్యాయామవిద్య చరిత్రలోనూ ఒక ఘట్టంగా లెక్కించాలి. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట 2003 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలు కావడం మరొకటి. ఈ రెంటినీ ఏ వ్యాయామవిద్యా సంఘమూ తన సాఫల్యాల్లో రాసుకోలేదు. కాని మధ్యాహ్నం మూడుగంటలకు మైదానంలో నిలబడిన పిల్లవాడు కళ్ళుతిరిగి పడకుండా ఉండడానికి ఏ కొత్త బోధనపద్ధతి కంటె ఈ రెండే ఎక్కువ పనిచేశాయి. 1877లో కార్నిష్ అడిగిన ప్రశ్న బడి ప్రాంగణంలోకి వచ్చింది అప్పుడే.

7. ఆర్డీటీ: ఆట చదువైన చోటు

స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, సహచరి అన్నె ఫెర్రర్‌తో కలిసి గ్రామీణాభివృద్ధి ట్రస్టును నిర్మించాడు. సంక్షిప్తంగా ఆర్డీటీ. బావులు, ఇళ్ళు, ఆసుపత్రులు, దళిత పిల్లలకు అదనపు చదువు చెప్పే పల్లెబడులు ఆ కృషిలో తెలిసిన భాగాలు. 2000 తరువాతి ఏళ్ళలో అనంతపురం పట్టణంలో వెలసిన క్రీడాగ్రామం ఆ పల్లెబడుల కొనసాగింపుగా చూస్తేనే సరిగా అర్థమవుతుంది. క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాల్, జూడో, టెన్నిస్ వంటి ఆటలకు అక్కడ స్థలం దొరికింది. వికలాంగులైన పిల్లలకు సైతం ఆటలో చోటు కల్పించారు.

2010 అక్టోబరులో అక్కడే రఫెల్ నడాల్ ఫౌండేషన్ ఒక టెన్నిస్ పాఠశాలను ప్రారంభించింది. నడాల్ స్వయంగా వచ్చాడు. ప్రపంచప్రఖ్యాత ఆటగాడి రాకను పత్రికలు సహజంగానే ఘనంగా రాశాయి. విద్యాచరిత్రకు ముఖ్యమైన అంశం వేరు. అక్కడ పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుతారు, ఆరోగ్యం, ఆహారం మీద శ్రద్ధ పెడతారు. రాకెట్టు పట్టుకొన్న చేతికి ముందు గిన్నె అందాలన్న గ్రహింపు ఆ పాఠ్యక్రమంలోనే ఉంది. చదువునుంచి ఆటను విడదీయని ఈ పద్ధతి, ‘తాలీం’ అన్న మాట పాత అర్థానికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. ఆ మాట చేరలేని ఆడపిల్లల దాకా కూడా ఇది చేరింది.

ఆ చేరిక ఎంతదూరమో చెప్పడానికి నార్పల మండలం బండ్లపల్లి ఒక ఉదాహరణ. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఊరు అది. ఏడాదికి వందరోజుల కూలిపని హక్కుగా ప్రకటించడానికి దేశం మొత్తంలో ఎంచుకొన్న చోటంటే అక్కడి పరిస్థితిని వేరే చెప్పనక్కరలేదు. ఆ ఊరి అమ్మాయి బారెడ్డి అనూష, ఆర్డీటీ అకాడమీలో శిక్షణ పొంది, 2023 జూలైలో మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌పై భారత మహిళా జట్టు తరఫున టీ20 మ్యాచిలో ఎడమచేతి స్పిన్ వేసింది. క్యాంబెల్ 6,641 మందిలో 60 మంది ఆడపిల్లలను లెక్కించి అప్పటికి సరిగా 200 ఏళ్ళు. ఆ మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరులో, దులీప్ ట్రోఫీ మ్యాచిలు కూడా అనంతపురం ఆర్డీటీ మైదానంలో జరిగాయి.

ఇక్కడ ఒక విచక్షణ అవసరం. అకాడమీ ఎంపిక మీద నడుస్తుంది. వ్యాయామవిద్య ఎంపికకు వ్యతిరేకం. వందమందిలో వేగంగా పరుగెత్తేవాడిని వెతకడం మొదటిదాని పని. మిగిలిన తొంభైతొమ్మిది మందికి కూడా పరుగు నేర్పడం రెండవదాని పని. ఒక అనూషను చూపి జిల్లాలో వ్యాయామవిద్య వికసించిందని చెప్పడం, ఒక్క గెలుపు గుర్రాన్ని చూపి ఊరంతా గుర్రాలే అన్నట్టు ఉంటుంది. ఆర్డీటీ కృషికి ఇది విమర్శ కాదు. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగినదాని కంటె ఎక్కువే అది చేసింది. కాని ప్రతి పల్లెబడికి మైదానం, బోధకుడు సమకూర్చడం స్వచ్ఛంద సంస్థ బాధ్యత కాదు.

8. చట్టంలో ఆట

ఆ బాధ్యత ఎవరిదో 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టాన్ని వ్యాయామవిద్య దృష్టితో చదివితే రెండు చోట్ల ఆగవలసి వస్తుంది. పదిహేడవ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. చట్టం చివరి పరిశిష్టం ప్రతి బడికి ఉండవలసిన వసతుల్లో ఆటస్థలాన్ని చేర్చింది. దేహాన్ని శిక్షించడం తప్పని, దేహానికి స్థలం ఇవ్వడం విధి అని ఒకే చట్టం ఒకేసారి చెప్పడం ఈ చరిత్రలో నిజమైన మలుపు. గుంజీలు తీయించే అధికారాన్ని బడి నుంచి తీసివేసి, అదే బడికి మైదానాన్ని హక్కుగా రాసిన పత్రం ఇది.

మైదానం ఎలా ఉండాలో చట్టం చెప్పలేదు. అనంతపురం పల్లెల్లో చాలాచోట్ల అది ఊరికి పనికిరాదనుకొన్న గరుసు దిన్నె. నీడ ఉండదు. పడితే మోకాలు చీరుకుపోతుంది. చెప్పులు తీసి పరుగెత్తమంటే పల్లేరుకాయలు. ఆ మైదానంలో నేర్పవలసినవారి సంగతి మరొకటి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడులకు చిత్రకళ, ఆరోగ్య వ్యాయామవిద్య, పనివిద్యలకు పార్ట్‌టైం బోధకులు ఉండాలని పరిశిష్టం చెప్పింది. అయితే దానికి ఒక షరతు ఉంది. ఆ బడిలో పిల్లల చేరిక వందకు మించి ఉండాలి.

జనసాంద్రత ఎక్కువగా ఉన్న కోస్తాజిల్లాల్లో ఈ సంఖ్య పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. చదరపు కిలోమీటరుకు 213 మంది ఉన్న నేలమీద, తండాలు, కొట్టాలు, చిన్నపల్లెలు దూరదూరంగా విసిరేసినట్టున్న చోట, కరవు ఏడాదిలో సగం కుటుంబాలు బెంగుళూరు బస్సు ఎక్కే చోట, వంద అన్నది చాలా పెద్ద అంకె. వాన తప్పిన ఏడు చేరిక తగ్గుతుంది. చేరిక తగ్గితే బోధకుడికి అర్హత పోతుంది. అంటే వ్యాయామబోధకుడి ఉనికి కూడా పరోక్షంగా వాన మీదే ఆధారపడింది. ఏ బడి పిల్లలు అందరికంటె ఎక్కువ నడిచి వస్తారో, ఏ బడి పిల్లలకు నీరు, తిండి, ఎముక బలం అన్నిటికంటె అవసరమో, ఆ బడే సంఖ్యలో చిన్నది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కలిపి నలభైమంది పిల్లలున్న అటువంటి బడికి ఆ పరిశిష్టంలో ఆటస్థలం ఉంది, ఆట నేర్పే మనిషి లేడు.